జీపు నుండి ఎస్‌యూవీ వరకు: వాహన లక్షణాల చారిత్రక పరిణామం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైనిక అవసరం కోసం పుట్టిన జీపు ఎనిమిది దశాబ్దాలలో స్పోర్ట్ యుటిలిటీ వెహికల్‌గా, అంటే నేటి వ్యవహారంలోని ఎస్‌యూవీగా, రూపాంతరం చెందింది. నేల నుండి ఎక్కువ ఎత్తు, నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందడం, బలమైన చట్రం అన్నవి మొదట దారి లేని చోటికి చేరడానికి ఏర్పడిన లక్షణాలు. దారులు ఏర్పడిన తరువాత వీటిలో కొన్ని తొలగిపోయాయి, కొన్ని రూపానికి పరిమితమయ్యాయి. భారతదేశంలో ఈ వాహనపు కొలతలను ఇంజనీరింగ్ అవసరాలతో పాటు పన్నుల నిబంధనలు కూడా గట్టిగా ప్రభావితం చేశాయి. ఈ వ్యాసం ఆ పరిణామాన్ని అమెరికా, భారతదేశాల వాహనచరిత్ర ఆధారంగా, తెలుగునేలతో దానికున్న సంబంధాలను గుర్తిస్తూ పరిశీలిస్తుంది. వాహనం బయట ఉన్న మనిషికి ఈ నిర్వచనాలలో చోటు దక్కలేదన్నది వ్యాసప్రతిపాదన.

కీలకపదాలు: జీపు, ఎస్‌యూవీ, ఫోర్ వీల్ డ్రైవ్, గ్రౌండ్ క్లియరెన్స్, వాహన పన్నులు, పాదచారుల భద్రత.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వ్యవహారంలో 'జీపు' పాతమాట. హల్లుతో ముగిసే ఆంగ్లపదం తెలుగులోకి వచ్చినప్పుడు చివర ఉకారం చేరడం సాధారణం. కారు, బస్సు, లారీల సరసన జీపు కూడా అలాగే చేరి, 'జీపులు' అని బహువచనాన్నీ, 'జీపెక్కాడు' అని సంధినీ పొంది దేశ్యపదంలా స్థిరపడింది. ఇది ఒక కంపెనీ వాణిజ్యనామం అన్న స్పృహ వాడేవారికి లేదు. డాల్డా, జిరాక్స్ వంటి పేర్లలాగే ఇదీ జాతివాచకమైంది.

'ఎస్‌యూవీ' పరిస్థితి వేరు. పత్రికల వాణిజ్యపుటలలో, ప్రకటనలలో, షోరూములలో ఈ మాట విరివిగా వినిపిస్తున్నా, ఊళ్లలో దాన్ని 'పెద్దబండి' అనో, స్కార్పియో, బొలెరో, క్రెటా అని పేరు పెట్టో చెప్పడమే ఎక్కువ. జీపు అనగానే అది చేసే పని మనసుకు వస్తుంది. ఎస్‌యూవీ అనగానే ఏం స్ఫురిస్తుందో చెప్పడం కష్టం. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్నకారూ, రెండున్నర టన్నుల భారీవాహనమూ నేడు అదే పేరుతో అమ్ముడవుతున్నాయి.

ఈ అస్పష్టతకు చారిత్రక కారణాలున్నాయి. ఈ వాహనానికి గుర్తుగా చెప్పే లక్షణాలు ఏ అవసరం నుండి పుట్టాయి, ఆ అవసరం తీరిన తరువాత ఏమయ్యాయి, వాటిని ఎవరు నిర్వచించారు, ఆ నిర్వచనం వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు జరిగింది అన్న ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. పెట్రోలు, డీజిలు వాహనాలకే పరిశీలన పరిమితం. విద్యుత్ వాహనాల చరిత్ర వేరుగా చర్చించదగినది.

2. యుద్ధ అవసరం – జీపు పుట్టుక

1940 వేసవిలో అమెరికా సైన్యం తేలికపాటి నిఘావాహనం కోసం 135 తయారీసంస్థలకు ఆహ్వానం పంపింది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలి, ముగ్గురు సైనికులనూ ఒక మరతుపాకినీ మోయాలి, బరువు 1,300 పౌండ్లు, అంటే 590 కిలోలు మించరాదు అన్నవి మొదటి షరతులలో ముఖ్యమైనవి. గడువు అతి తక్కువ. నమూనా వాహనాన్ని 49 రోజులలో అప్పగించాలి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ పట్టణానికి చెందిన అమెరికన్ బాంటమ్ అనే చిన్నసంస్థ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు చేత చిత్రాలు గీయించి, ఆ ఏడాది సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనికశిబిరానికి తొలి వాహనాన్ని గడువులోగా చేర్చింది.

బాంటమ్‌కు పెద్దఎత్తున తయారుచేసే శక్తి లేదని భావించిన సైన్యం, దాని చిత్రాలను విల్లీస్-ఓవర్‌ల్యాండ్, ఫోర్డ్ సంస్థలకు అందించింది. విల్లీస్ నమూనాకు బలం దాని ఇంజిన్. డెల్మార్ రూస్ మెరుగుపరచిన ఆ 2.2 లీటర్ల ఇంజిన్ 60 అశ్వశక్తిని ఇచ్చేది. అయితే బరువు సమస్య అయింది. 590 కిలోల షరతు అసాధ్యమని తేలి సైన్యం పరిమితిని 2,160 పౌండ్లకు, సుమారు 980 కిలోలకు పెంచినా విల్లీస్ వాహనం అంతకు మించే ఉంది. మంచి ఇంజిన్‌ను వదులుకోవడం ఇష్టం లేక రూస్ బృందం వాహనాన్ని విడదీసి, అవసరానికి మించి పొడవున్న బోల్టులను కత్తిరించి, రంగుపూతను సైతం పలుచన చేసి బరువు తగ్గించింది.

ఆధునిక వాహనాల చర్చకు ఈ ఘటన కీలకం. జీపులోని ప్రతి లక్షణానికీ వెనుక ఒక పని ఉంది. నేల నుండి సుమారు 220 మి.మీ. ఎత్తు రాళ్లూ గట్లూ తగలకుండా ఉండడానికి. రెండు స్థాయిల ట్రాన్స్‌ఫర్ కేసు నిటారు ఎగుడులో, బురదలో నెమ్మదిగా ఎక్కువ లాగుడుశక్తితో కదలడానికి. ముందుకూ వెనుకకూ ఎక్కువగా పొడుచుకురాని ఒడ్డు గోతిలో దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు నేలకు తగలకుండా ఉండడానికి. పొడవు సుమారు 3.36 మీటర్లు, వెడల్పు 1.57 మీటర్లు. తలుపులు లేవు. అక్కరలేనిదేదైనా బరువే కనుక దానికి చోటు లేదు. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కలిసి సుమారు 6,40,000 జీపులు తయారుచేశాయి.

పేరు విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. జి.పి. అనే అక్షరాల ఉచ్చారణ నుండి వచ్చిందని కొందరు, 1936లో పొపాయ్ కార్టూన్‌లో ప్రవేశించిన యూజీన్ ద జీప్ అనే వింతప్రాణి పేరు నుండి సైనికులు తీసుకున్నారని మరికొందరు అంటారు. ఏదైనా, సైనికుల నోట పుట్టిన ఆ పేరును విల్లీస్ సంస్థ 1950లో తన వాణిజ్యనామంగా నమోదు చేయించుకుంది.

3. పనిబండి నుండి కుటుంబవాహనం – అమెరికా అనుభవం

యుద్ధం తరువాత జీపుకు కొత్త కొనుగోలుదారులు కావలసివచ్చారు. విల్లీస్ మొదట రైతును ఉద్దేశించి పౌరజీపును విడుదల చేసింది. 1946లో బ్రూక్స్ స్టీవెన్స్ రూపకల్పనలో పూర్తి ఉక్కు దేహంతో జీప్ స్టేషన్ వ్యాగన్ వచ్చింది. 1949లో దానికి ఫోర్ వీల్ డ్రైవ్ చేరింది. కుటుంబం కూర్చునే గది, దారి లేని చోట నడిచే చట్రం ఒకే వాహనంలో కలవడం ఇక్కడ చూస్తాం. బ్రిటన్‌లో 1948లో వెలువడిన ల్యాండ్ రోవర్ కూడా పొలంపనిని దృష్టిలో పెట్టుకున్నదే.

1963 నమూనా సంవత్సరపు జీప్ వ్యాగనీర్ మరో అడుగు వేసింది. ఫోర్ వీల్ డ్రైవ్‌తో పాటు ఆటోమేటిక్ గేర్లు అందించింది. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ కాయిల్ స్ప్రింగులతో, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులతో కారులాంటి ప్రయాణసుఖాన్ని ఇచ్చింది. ఈ దశ వరకు సుఖం అదనంగా చేరిందే కాని అసలు సామర్థ్యం తగ్గలేదు.

ఆ తరువాతి మార్పులో చట్టం పాత్ర పెద్దది. 1973 చమురు సంక్షోభం దరిమిలా అమెరికా 1975లో ఇంధనపొదుపు చట్టం చేసింది. కార్లకూ, 'తేలికపాటి ట్రక్కు'లకూ వేర్వేరు ప్రమాణాలు ఏర్పడ్డాయి. రైతులు, వృత్తిపనివారు వాడే బండ్లకు సడలింపు ఇవ్వాలన్నది ఆలోచన. కార్లు సగటున గ్యాలనుకు 27.5 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు ఇవ్వవలసి ఉండగా, తేలికపాటి ట్రక్కులకు 1996 నుండి 2004 వరకు 20.7 మైళ్లు, అంటే సుమారు 8.8 కిలోమీటర్లు సరిపోయేది. ట్రక్కు చట్రం మీద కుటుంబవాహనాన్ని నిర్మిస్తే అది చట్టం దృష్టిలో ట్రక్కే అవుతుంది. రేంజర్ పికప్ ఆధారంగా ఫోర్డ్ 1990లో విడుదల చేసిన ఎక్స్‌ప్లోరర్ ఈ వర్గానికి ప్రతినిధి. పనివారికోసం ఇచ్చిన సడలింపు నగర కుటుంబాల వాహనానికి ఉపకరించింది.

ఇంకొక దిశలో నిర్మాణపద్ధతి కూడా మారింది. విడిచట్రం మీద దేహాన్ని బిగించే పాతపద్ధతిని ల్యాడర్ ఫ్రేమ్ అంటారు. చట్రమూ దేహమూ ఒకటిగా ఉండేది మోనోకాక్. 1984 నమూనా జీప్ చెరోకీ ఏకదేహ నిర్మాణంతో వచ్చింది. 1994లో టయోటా ఆర్ఏవీ4 కార్ల విడిభాగాలతోనే చిన్న ఎస్‌యూవీని నిర్మించవచ్చని చూపింది. బరువు తగ్గింది, కుదుపు తగ్గింది, మైలేజి పెరిగింది. దానితో పాటు కఠినమైన దారులను తట్టుకునే సామర్థ్యమూ కొంత తగ్గింది.

4. భారతదేశంలో జీపు – అధికారమూ, ప్రయాణమూ

భారతదేశంలో జీపు చరిత్ర మహీంద్రా సంస్థ చరిత్రతో ముడిపడి ఉంది. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరిట ఉక్కు వ్యాపారసంస్థగా ఇది మొదలైంది. భాగస్వామి మాలిక్ గులాం మొహమ్మద్ దేశవిభజన తరువాత పాకిస్తాన్‌కు వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1940ల చివరలో బొంబాయిలోని మజగావ్‌లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టి, క్రమంగా దేశీయ తయారీకి చేరుకుంది. సైన్యం కోసం జబల్‌పూర్ ఆయుధకర్మాగారాల వ్యవస్థలో నిస్సాన్ పెట్రోల్ ఆధారంగా 'జోంగా' తయారైంది. 1985 డిసెంబరులో మారుతి జిప్సీ 970 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో వచ్చింది.

ఇక్కడ జీపుకు మొదట లభించిన అర్థం ప్రభుత్వాధికారం. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకంతో బ్లాకు అభివృద్ధి అధికారి వ్యవస్థ ఏర్పడింది. పల్లెకు జీపు రావడమంటే అధికారి రావడం. పోలీసు, రెవిన్యూ, అటవీశాఖలకూ అదే వాహనం. సరైన దారిలేని ఊళ్లకు ప్రభుత్వాన్ని చేర్చే సాధనం కనుక దాని ఎత్తుకూ చట్రానికీ ఇక్కడా పని ఉండేది. 'జీపు వచ్చింది' అన్న వాక్యంలో కర్త వాహనమే అయినా వినేవారు గ్రహించేది అందులో వచ్చినవారి హోదానే.

రెండవ అర్థం సామాన్యుల ప్రయాణం. డీజిల్ ఇంజిన్లు వచ్చి ఖర్చు తగ్గాక పొడవాటి జీపులు బస్సు వెళ్లని దారులలో అద్దెవాహనాలయ్యాయి. మహీంద్రా కమాండర్, బజాజ్ టెంపో ట్రాక్స్ వంటివి తెలుగు జిల్లాలలో 'సర్వీసు జీపు'లుగా మండలకేంద్రాలకూ పల్లెలకూ మధ్య తిరిగాయి. విశాఖ మన్యం వంటి కొండప్రాంతాలలో లోపల చాలక పైకప్పు మీద, వెనుక కమ్మీలను పట్టుకుని కూడా జనం ప్రయాణించేవారు. చాలావాటిలో ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకే అందేది. ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోయినా ఎత్తు, దృఢత్వం, సులభంగా బాగుచేసుకునే వీలు ఉంటే చాలునని ఆ అనుభవం చూపింది. 'యుటిలిటీ' అన్న మాటకు ఇదే సరైన ఉదాహరణ అనవచ్చు.

5. 1991 తరువాత – పనితనం నుండి ప్రతిష్ఠకు

ఆర్థిక సరళీకరణ జరిగిన 1991లోనే టాటా సియెర్రా విడుదలైంది. 1994లో టాటా సుమో వచ్చింది. జపాన్ మల్లయోధుల పేరులా వినిపించినా, ఆ పేరు సంస్థకు సారథ్యం వహించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాల కలయిక. 1998లో టాటా సఫారీ, 2000లో మహీంద్రా బొలెరో, టయోటా క్వాలిస్ వచ్చాయి. 2002లో వచ్చిన మహీంద్రా స్కార్పియోను దేశీయ బృందమే పవన్ గోయెంకా నాయకత్వంలో అభివృద్ధి చేసింది. ల్యాడర్ ఫ్రేమ్ మీద నిర్మించినా దానిని కార్లకు పోటీగా నగరాలలో నిలబెట్టడం సంస్థ వ్యూహం.

తెలుగునాట ఈ దశకు చలనచిత్రం ఒక ప్రత్యేకార్థాన్ని ఇచ్చింది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఆది' (2002) వంటి రాయలసీమ కక్షల ఇతివృత్త చిత్రాల కాలంలో ధూళి రేపుతూ వరుసగా వచ్చే సుమోలు ప్రాబల్యానికి దృశ్యసంకేతమయ్యాయి. జీపు ప్రభుత్వాధికారానికి గుర్తు కాగా, సుమో వ్యక్తి బలానికి గుర్తైంది. ఈ చిత్రణ సీమప్రజల జీవితాన్ని సంకుచితంగా చూపిందన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయితే వాహనచరిత్ర దృష్టితో చూస్తే, ఎత్తైన వాహనం కోరికగా మారడానికి వెనుక ఇంజనీరింగ్‌తో సంబంధం లేని కారణాలూ ఉన్నాయని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

2012లో రెనో డస్టర్, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2015లో హ్యుందాయ్ క్రెటా రాకతో చిత్రం పూర్తిగా మారింది. ఇవన్నీ మోనోకాక్ నిర్మాణాలు. అమ్ముడైనవాటిలో అధికభాగం ముందు చక్రాలకే శక్తి అందేవి. 2019 ఆగస్టులో పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారం నుండి సెల్టోస్ వెలువడింది. ఒకప్పుడు విజయనగర రాజులకు రెండవ రాజధానిగా ఉన్న ప్రాంతం ఆ విధంగా ఎస్‌యూవీల తయారీకేంద్రమైంది. 2023–24 ఆర్థిక సంవత్సరంలో దేశంలో అమ్ముడైన సుమారు 42 లక్షల ప్రయాణికుల వాహనాలలో 25 లక్షలకు పైగా యుటిలిటీ వాహనాలే.

6. పన్నుల చట్టం ఇచ్చిన నిర్వచనం

ఇంత విస్తృతంగా అమ్ముడవుతున్న వాహనానికి భారతదేశంలో నిర్వచనం ఎక్కడుంది? ప్రధానంగా పన్నుల పట్టికలలో ఉంది. 2006 కేంద్రబడ్జెట్‌లో చిన్నకార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 నుండి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు మించని, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించని ఇంజిన్ ఉన్నదే చిన్నకారు. 2013 బడ్జెట్ ఎస్‌యూవీల మీద సుంకాన్ని 27 నుండి 30 శాతానికి పెంచింది. పొడవు 4 మీటర్లు మించడం, ఇంజిన్ 1,500 సీసీ మించడం, గ్రౌండ్ క్లియరెన్స్ 170 మి.మీ. లేదా అంతకంటె ఎక్కువ ఉండడం అనే మూడు కొలతలు ప్రాతిపదికలయ్యాయి. 2017లో జీఎస్‌టీ వచ్చాక ఇదే విభజన సెస్సు రూపంలో కొనసాగింది. ఆ ఏడాది సెప్టెంబరు నుండి ఎస్‌యూవీల మీద 28 శాతం పన్నుతో పాటు 22 శాతం సెస్సు, మధ్యతరహా కార్ల మీద 17 శాతం సెస్సు ఉండేవి. 2023 జూలైలో జీఎస్‌టీ మండలి, ఏ పేరుతో పిలిచినా ఈ మూడు కొలతలూ ఉన్న యుటిలిటీ వాహనాలన్నిటికీ 22 శాతం సెస్సు వర్తిస్తుందనీ, నేల నుండి ఎత్తును ఖాళీ వాహనానికే కొలవాలనీ స్పష్టం చేసింది.

ఈ నిర్వచనంలో ఫోర్ వీల్ డ్రైవ్ ప్రస్తావన లేదు. చట్రం ప్రస్తావన లేదు. ఎగుడుదిగుడు దారిలో పనితీరు ప్రస్తావన లేదు. పన్ను విధించడానికి సులభంగా కొలవగల లక్షణాలు కావాలి కనుక అది సహజమే. అయితే కొలత ఒకసారి చట్టమయ్యాక తయారీదారు దానికి తగినట్లు వాహనాన్ని మలచడమూ అంతే సహజం. భారతదేశపు ఎకోస్పోర్ట్ పొడవు 3,999 మి.మీ. మారుతి విటారా బ్రెజా, కియా సోనెట్ 3,995 మి.మీ. ఈ సంఖ్యలు 4,000కు ఇంత దగ్గరగా ఆగడం యాదృచ్ఛికం కాదు.

సెల్టోస్ మరింత ఆసక్తికరం. పొడవు 4.3 మీటర్లు, ఎత్తు 190 మి.మీ. రెండు షరతులూ నెరవేరాయి. కాని దాని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 1,497 సీసీ, డీజిలు 1,493 సీసీ. మూడవ షరతు నెరవేరదు కనుక సెస్సు అమలులో ఉన్నంతకాలం అది చట్టం ప్రకారం ఎస్‌యూవీ కాక మధ్యతరహా కారుగానే మిగిలింది. సోనెట్ చిన్నకారు. అంటే జనమంతా ఎస్‌యూవీలని పిలిచే ఈ పెనుకొండ వాహనాలు పన్నుల పట్టికలో ఎస్‌యూవీలు కావు.

న్యాయస్థానపు ఆదేశానికీ ఇలాంటి స్పందనే వచ్చింది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో 2,000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ వాహనాల నమోదును తాత్కాలికంగా నిలిపివేసింది. 2016 జనవరిలోనే మహీంద్రా స్కార్పియో, ఎక్స్‌యూవీ500లకు 1.99 లీటర్ల ఇంజిన్‌ను అందించింది. సంస్థ చట్టాన్ని అతిక్రమించలేదు, పాటించింది. కాలుష్యాన్ని ఇంజిన్ పరిమాణంతో కొలిస్తే ఇంజిన్ పరిమాణమే మారుతుందని ఇది చూపుతుంది.

2025 సెప్టెంబరు 22 నుండి సెస్సు తొలగి, చిన్నకార్లకు 18 శాతం, పెద్దకార్లకూ ఎస్‌యూవీలకూ 40 శాతం పన్ను అమలులోకి వచ్చింది. 4 మీటర్ల గీత మాత్రం నిలిచే ఉంది.

7. లక్షణాలు, పనితీరు – లోపలివారికి, బయటివారికి

ఎత్తైన వాహనపు ప్రయోజనాలను కాదనలేం. గతుకుల దారిలో, వాన నీరు నిలిచిన వీధిలో, ఎత్తుగా కట్టిన స్పీడు బ్రేకర్ల మీద అడుగుభాగం తగలకపోవడం మన దేశంలో నిత్యావసరం. మోకాళ్లనొప్పులున్న వృద్ధులకు కిందికి వంగి కూర్చోవడం కంటె ఎత్తైన సీటులోకి ఎక్కడం సులభం. డ్రైవరుకు దూరం వరకు కనిపిస్తుంది. ఈ వాహనాలకు ఆదరణ కేవలం ఆడంబరమని తేల్చడం సరికాదు.

అయితే ఎత్తుకు మూల్యం ఉంది. వాహనం పక్కకు బోల్తాపడకుండా నిలబడే శక్తిని, ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించి అంచనా వేస్తారు. గరిమనాభి పైకి జరిగితే ఈ విలువ తగ్గుతుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచింది. ఆ టైర్లు ఎక్కువగా అమర్చినది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు. ఈ టైర్ల వైఫల్యంతో ముడిపడిన ప్రమాదాలలో 271 మంది మరణించినట్లు ఆ దేశపు రహదారి భద్రతాసంస్థ లెక్కించింది. వాటిలో అనేకం టైరు పొర ఊడి వాహనం బోల్తాపడినవి. ఆ అనుభవం తరువాత బోల్తా ప్రమాదపు రేటింగులు, ఆపై ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి కావడం జరిగాయి. ఎత్తు సృష్టించిన సమస్యను పరికరం చాలావరకు సరిదిద్దింది. వాహనం లోపలివారికి అది నిజమైన మేలు.

బయటివారి సంగతి అలా లేదు. తక్కువ ఎత్తు కారు ఢీకొన్నప్పుడు మనిషి కాళ్లకు దెబ్బ తగిలి బానెట్ మీదికి పడతాడు. ముందుభాగం ఎత్తుగా నిటారుగా ఉంటే దెబ్బ నడుముకో ఛాతీకో తగులుతుంది. పిల్లలకైతే తలకే తగులుతుంది. అమెరికాలోని హైవే భద్రతా బీమాసంస్థ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, బానెట్ అంచు 40 అంగుళాలకు మించి ఎత్తున్న వాహనం ఢీకొంటే, 30 అంగుళాలు లేదా అంతకు తక్కువ ఎత్తుతో వాలుగా ఉన్న వాహనంతో పోల్చినప్పుడు పాదచారి మరణించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ.

ఈ ఫలితం అమెరికా వాహనాలకు సంబంధించినది. భారతదేశంలో అధికంగా అమ్ముడయ్యే చిన్న ఎస్‌యూవీలకు దానిని యథాతథంగా వర్తింపజేయలేం. కాని మన రోడ్ల మీద ఉన్నవారెవరో చూడాలి. కేంద్ర రవాణాశాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డుప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనాల మీద ఉన్నవారు, 32,825 మంది పాదచారులు. అంటే మృతులలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు బైకు మీదో కాలినడకనో ఉన్నవారే.

ఎస్‌యూవీల ముందు బిగించే ఇనుపకమ్మీల విషయం దీనికి దగ్గరగా ఉంది. ఎదుటివారికి గాయాలు తీవ్రమవుతాయన్న కారణంతోనూ, ఎయిర్‌బ్యాగుల పనికి అడ్డు రావచ్చన్న కారణంతోనూ 2017 డిసెంబరులో కేంద్రం వాటిని తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అవి అడవిదారిలో రాళ్లూ కొమ్మల నుండి కాపాడేందుకు పుట్టినవి. నగరంలో వాటికి ఎదురయ్యేది మనిషి. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పథకం కూడా స్టార్లను లోపలి పెద్దల, పిల్లల రక్షణకే ఇచ్చింది. పాదచారి రక్షణ ఒక అర్హతనిబంధన మాత్రమే. కొనుగోలుదారు చూసే స్టార్ల సంఖ్యలో బయటి మనిషికి విడిగా ఒక స్టారు లేదు.

8. ముగింపు

పై పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. జీపు లక్షణాలు దారి లేకపోవడం అనే సమస్యకు సమాధానాలు. తొలి జీపులో పని లేని లక్షణానికి చోటు లేదు.

2. అమెరికాలో పనివారికి ఇచ్చిన ఇంధనప్రమాణాల సడలింపు, భారతదేశంలో పొడవు, ఇంజిన్ పరిమాణాల మీద ఆధారపడిన పన్నువిధానం ఈ వాహనాల రూపాన్ని గాఢంగా ప్రభావితం చేశాయి.

3. నేటి ఎస్‌యూవీలలో అధికభాగం నిర్మాణం రీత్యా ఎత్తు పెంచిన కార్లు. ఈ మార్పుకు సరైన ఉదాహరణ జీపు వారసత్వంగా వచ్చిన మహీంద్రా థార్. 2020 నాటి థార్ 226 మి.మీ. ఎత్తుతో, లో రేంజ్ గేర్లతో, 650 మి.మీ. లోతు నీటిలో నడిచే సామర్థ్యంతో పాత సంప్రదాయాన్ని నిలిపింది. 2023 జనవరిలో అదే థార్ ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా, వెనుక చక్రాల చోదనతో, 1,497 సీసీ డీజిల్ ఇంజిన్‌తో కూడా వచ్చింది. పొడవు 3,985 మి.మీ. కనుక పన్నులెక్కలో అది చిన్నకారు. రూపం జీపుది, లెక్క చిన్నకారుది.

4. సైన్యపు షరతులు, పన్నుల పట్టికలు, భద్రతా స్టార్లు అన్నీ వాహనాన్నీ, అందులో కూర్చున్నవారినీ కొలిచాయి. ఎదురుగా నడిచివచ్చే మనిషిని ప్రధానంగా తీసుకున్న కొలత వాటిలో లేదు.

కొలతకు తగినట్లు వాహనం మారుతుందని ఈ చరిత్ర పదేపదే చూపింది. 4,000 అన్న సంఖ్య వల్ల పొడవు 3,995 దగ్గర ఆగింది. 2,000 అన్న సంఖ్య వల్ల ఇంజిన్ 1.99 లీటర్లకు దిగింది. బానెట్ ఎత్తునూ, ముందుభాగపు వాలునూ, వాహనం బరువునూ పన్నుకు ప్రాతిపదికలుగా చేర్చితే తయారీదారులు వాటికీ స్పందిస్తారని ఆశించడానికి ఆధారం ఉంది. విధాన నిర్ణేతలతో పాటు వాహన ఇంజనీరింగ్, ప్రజారోగ్యరంగాల పరిశోధకులూ భారతీయ వాహనాల మీద, భారతీయ రోడ్ల మీద ఈ దిశగా అధ్యయనం చేయవలసి ఉంది. 590 కిలోలకు మించరాదన్న షరతుతో మొదలైన వాహనం ఇది. అప్పుడు బరువుకు హద్దు గీయడానికి సైనికుల అవసరం కారణమైంది. ఇప్పుడు హద్దు గీయడానికి రోడ్డు దాటుతున్న మనిషి ప్రాణం కారణం కావాలి.